నాయన నోటు పుస్తకంలో ప్రధాని

మొన్న సాయంత్రం నాలుగున్నరకు ఆటో మా ఇంటి ముందు ఆగగానే ఐదేళ్ళ మా వాడు దిగుతూ, "అమ్మా, ఈ పొద్దు ఆటో నిద్రపోయింది" అన్నాడు. నేను నవ్వబోయాను. అంతలో ఎనిమిదేళ్ళ మా అమ్మాయి వాడి మోచేతి మీద గిల్లడం చూశాను. గిల్లిన చెయ్యి వెనక్కి దాచుకుని, నా వైపు కాకుండా ఆటో నడిపే ఓబులేసన్న వైపు చూసింది. పట్టుబడ్డది తను కాదు, ఆయన అన్నట్టుగా ఉంది ఆ చూపు.

"ఏం లేదు పాపా" అన్నాడు ఓబులేసన్న. నాకు ముప్పై మూడేళ్ళొచ్చినా ఆయనకు నేను ఇంకా పాపనే. ఆళ్ళగడ్డ హైస్కూల్లో మా నాయన దగ్గర చదువుకున్నాడు. "కాలువ కట్ట మలుపు కాడ రెప్ప పడింది, అంతే. ఒక చక్రం మట్టిలోకి దిగింది. మల్లా ఎక్కిచ్చినా."

"రాత్రి బాడుగకు పోయినావా అన్నా?"

"పెండ్లోళ్ళు పాపా. వెలుగోడు దాంకా. కాదనలేకపోయినా."

పోయిన నెలలో కూడా ఇలాగే ఒకసారి కళ్ళు ఎర్రగా వచ్చాడు. అప్పుడు మా వాడి తల మీద చెయ్యి పెట్టి, ఇంక రాత్రి బాడుగలకు పోనని ఒట్టు వేశాడు. నేను నమ్మాను. మొన్న మళ్ళీ, "సారు మీద ఒట్టు, ఇంగ పోను" అన్నాడు. చనిపోయిన మా నాయన పేరు ఎత్తితే నాకు నోరు లేవదని ఆయనకు తెలుసు. "సరేలే అన్నా, జాగర్త" అన్నాను. పిల్లలతో, "ఏం కాలేదు గదా, భయం లేదు, లోపలికి పదండి" అన్నాను. చెప్పేటప్పుడు నా గొంతు నాకే చాలా తియ్యగా వినిపించింది.

వసారాలో కూర్చుని చెనిక్కాయలు ఒలుస్తున్న మా అమ్మ తల ఎత్తలేదు. పిల్లలు లోపలికి పోయేదాకా ఆగి, "వాన్ని మల్లా బుజ్జగించి పంపిస్తివా?" అంది. "మీ నాయన బిడ్డవే మ్మే నువ్వు."

బుజ్జగించడం అనే మాట అందరి ఇళ్ళలో ఉన్నట్టు మా ఇంట్లో ఉండేది కాదు. ఆ మాట వెనక ఒక పరదేశపు మనిషి ఉండేవాడు. ఆ రాత్రి పిల్లలు పడుకున్నాక, మా ఆయన షిఫ్టు పనికి సిమెంటు ఫ్యాక్టరీకి వెళ్ళాక, బీరువా అడుగు అర నుంచి నాయన నోటు పుస్తకాలు బయటికి తీశాను. మూడు పుస్తకాలు. గోధుమరంగు అట్టలు, ముందు పేజీలో నాయన గుండ్రటి అక్షరాలు. లోపలంతా రెండు పెద్ద యుద్ధాల నడుమ ఇంగ్లండును ఏలిన ఒక ప్రధానమంత్రి జీవితం. అచ్చు వేయించాలని రాయలేదు. బడిలో పాఠంగా ఆ మనిషికి దొరికేది అర పేజీయే. ఆ అర పేజీ ఆయనకు అన్యాయం చేసిందని నాయనకు గట్టి పట్టుదల.

అప్పట్లో మేము ఆళ్ళగడ్డలో శిల్పుల పాకల వెనక వీధిలో ఉండేవాళ్ళం. పొద్దున్నే లేచేసరికి ఉలి దెబ్బలు మొదలయ్యేవి. రాతి దుమ్ము వచ్చి కడవ మీద, తులసి లేని మా ఇంటి బంతి మొక్కల మీద, ఆరేసిన చీరల మీద సన్నగా పరుచుకునేది. అమ్మ నీళ్ళ కడవకు తడిగుడ్డ కట్టి, పొయ్యి ముట్టించి, జొన్నపిండి తట్టడం మొదలుపెట్టేది. ఆ రొట్టె కాలే వాసన, నాయన కలంలో పోసే సిరా వాసన నాకు ఇప్పటికీ విడివిడిగా గుర్తుకు రావు. నాయన కిటికీ పక్కన పలక లాంటి చెక్కను ఒళ్ళో పెట్టుకుని గంటసేపు రాసుకునేవాడు. ఆ తర్వాత కుటుంబ ప్రార్థన, ఆ తర్వాత రొట్టె, చెనిక్కాయల పొడి. ప్రార్థన కాకుండా రొట్టె ముట్టుకోవడం మా ఇంట్లో లేదు. అందుకని నాయన ప్రార్థన పొడుగయ్యే కొద్దీ నా ధ్యాసంతా రొట్టెల మీదే ఉండేది.

నాయన ప్రార్థనలో ఊళ్ళో జబ్బు పడినవాళ్ళు, పరీక్షలు రాసే పిల్లలు, వాన, అందరూ ఉండేవాళ్ళు. ఒకరోజు ఉన్నట్టుండి, "ప్రభువా, యుద్ధం రాకూడదని ముసలితనంలో తిరిగిన ఆ పెద్దమనిషిని కూడా నీవు జ్ఞాపకం చేసుకో" అన్నాడు. అమ్మ టక్కున కళ్ళు తెరిచింది.

"ఏందీ? మీ దొర కోసమా? సచ్చినోళ్ళకు ప్రార్థన చేసేది మన సంగంలో యాడుంది? పాస్టరయ్యకు చెప్తా ఉండండి."

"ఆయనకు కాదులే. ఆయన చెల్లెండ్ల కోసం."

"వాళ్ళు మాత్రం బతికుండారా?"

నాయన ఆమెన్ అనేశాడు. ఆ రోజు రొట్టె వేడిగానే దొరికింది.

మా ఇంట్లో ఆ ప్రధానికి పేరు లేదు. అమ్మకు ఆయన 'మీ దొర'. నాయనకు 'ఆయన'. నాకు మాత్రం పక్క వీధిలో ఎక్కడో ఉండే పెద్దతాత లాగా తోచేవాడు. ఎందుకంటే ఆయన గురించి నాకు తెలిసినంత మా సొంత తాతల గురించి కూడా తెలియదు. ఆయన తండ్రి పేరు మోసిన నాయకుడు. అన్నను రాజకీయాలకు తయారు చేసి, ఈయనను మాత్రం ఇరవై ఏళ్ళు దాటగానే దూరంగా ఒక ద్వీపానికి పంపించాడు. అక్కడ కిత్తనార తోట పెట్టి, తాళ్ళకు నార తీసి, ఇంటి సంపద నిలబెట్టమన్నాడు. ఆరేళ్ళు ఎండలో పనివాళ్ళతో కలిసి కష్టపడ్డాడు. కానీ అక్కడ రాతి మీద జానెడు మన్ను తప్ప లోతు లేదు. మొక్క ఎదగలేదు. తోట పోయింది. తప్పంతా తనదేనని తండ్రికి జాబు రాసి ఇంటికి తిరిగొచ్చాడు.

ఈ భాగం చెప్పినప్పుడల్లా అమ్మ నవ్వేది. మా వైపు కిత్తనారను పొలం గట్టు మీద విసిరేసినా మొలుస్తుంది. "కిత్తనార మొలిపించలేనోడు దేశానికేం చేస్తాడప్పా?" అనేది.

"కోవెలకుంట్ల పక్క నాపరాయి మీద నువ్వు మొలిపించు, చూస్తాం" అనేవాడు నాయన. ఆయనకు ఆ జాబు ఎంతో ఇష్టం. ఓడిపోయి, ఓడిపోయినానని తండ్రికి రాసుకున్న కొడుకులు చరిత్రలో తక్కువ అనేవాడు.

తర్వాత కథ కూడా నాకు కంఠతా వచ్చు. ఓడల్లో మంచాలు చేసే కార్ఖానా నడిపాడు. తన ఊరికి మేయరయ్యాడు. యాభై ఏళ్ళకు దగ్గరపడ్డాక పార్లమెంటుకు పోయాడు. ఆరోగ్య మంత్రిగా పేదవాళ్ళకు ఇళ్ళు, విధవరాళ్ళకు పింఛను అంటూ చట్టాలు తెచ్చాడు. పక్షులంటే ప్రాణం. అధికార నివాసం తోటలో కూడా వాటికి గూళ్ళు పెట్టించాడు. వారం వారం చెల్లెళ్ళకు జాబు రాసేవాడు. మొదటి యుద్ధంలో ఆయన పినతండ్రి కొడుకు, ప్రాణంగా చూసుకున్నవాడు, చనిపోయాడు. అందుకే అరవై ఎనిమిదేళ్ళకు ప్రధాని అయినప్పుడు ఆయనకు యుద్ధం అంటే పటం మీద గీతలు కాదు, ఇంట్లో ఖాళీ అయిన కుర్చీ అని నాయన రాసుకున్నాడు. జర్మనీ నియంత పక్కనున్న చిన్న దేశం మీద కన్ను వేసినప్పుడు, అంతవరకు విమాన ప్రయాణం దాదాపు ఎరగని ఆ ముసలాయన రెండు వారాల్లో మూడుసార్లు విమానమెక్కి అతని దగ్గరికి పోయాడు. మూడోసారి ఆ చిన్న దేశంలో ఒక ముక్క అతనికి వదిలేసి, సంతకాలున్న కాగితం తెచ్చి జనానికి చూపించి, శాంతి వచ్చింది, ఇళ్ళకు పోయి హాయిగా నిద్రపొండని చెప్పాడు. ఏడాది తిరగకుండానే యుద్ధం వచ్చింది. ఆ మరుసటి ఏడాది పదవి పోయింది, కొన్ని నెలలకు కాన్సరుతో ప్రాణమూ పోయింది. పాఠంలో ఇదంతా రెండే మాటలు: బుజ్జగింపు విధానం.

"ఎంత నీచమైన మాట పెట్టినారు చూడు" అనేవాడు నాయన. "ఏడ్చే బిడ్డను బుజ్జగిస్తారు గానీ కొట్టేవాన్ని బుజ్జగిస్తారా?"

అప్పటికి నాకు తొమ్మిదేళ్ళు. నాయన సొంత ఊరు ఉయ్యాలవాడ దగ్గర ఒక పల్లె. అక్కడ మా చిన్నాయన, అంటే నాయన తమ్ముడు, ఉన్న రెండెకరాలు సేద్యం చేసుకుంటూ, ఆదివారం చర్చిలో తబలా వాయించేవాడు. ఆయన తబలా మొదలుపెడితే కూర్చుని పాడేవాళ్ళు కూడా లేచి నిలబడేవాళ్ళు. మా పొలానికి పోయే బండిదారి ఎగవింటివాళ్ళ చేల నడుమ నుంచి పోతుంది. వాళ్ళు ఊళ్ళో పాతకాలం నుంచి ఉన్న పెద్ద రైతులు. ఒక ఏడు ఆ దారి దున్నేశారు. చిన్నాయన అడ్డం పోయాడు. మాటా మాటా పెరిగి, కాళ్ళు చేతులు తీసేస్తామనే దాకా పోయింది. ఆ మాట మా వైపు ఊరికే అనరు. చిన్నాయన పొలానికి పోవడం మానేశాడు.

నాయన వరసగా మూడు ఆదివారాలు ఆరాధన కాగానే బస్సెక్కి ఎగవింటి పెద్దాయన దగ్గరికి పోయాడు. మూడోసారి రాజీ కాగితం తీసుకుని వచ్చాడు. నేను కూడా ఆ పొద్దు వెంట పోయాను. పెద్దమనుషులంతా లోపల పెద్ద గదిలో కూర్చున్నారు. చిన్నాయనను బయట అరుగు మీద కూర్చోబెట్టారు. మా వైపు అన్న ఉంటే తమ్ముణ్ణి పిలవరు, ఇంటికి పెద్దవాడు పెడితే అది ఇంటందరి సంతకం. చిన్నాయన నా చేతిలో మరమరాలు పోస్తూ ఊరికే తలుపు వైపు చూస్తున్నాడు. నాయన బయటికి వచ్చినప్పుడు ఆయన ముఖంలో ఉన్నంత వెలుగు నేను మళ్ళీ చూడలేదు. కాగితం ఎత్తి చదివాడు. పక్కదారి ఇస్తారు, గొడవ లేదు.

"ఇంగ భయం లేదురా. రేపు పొలానికి పో" అన్నాడు.

చిన్నాయన, "అన్నా, దారి నాది, భయం నాది. సంతకం నీదేందన్నా?" అన్నాడు.

నాయన నవ్వాడు. "నువ్వూ నేనూ వేరేనా రా?" అన్నాడు. చిన్నాయన కూడా నవ్వాడు. ఇద్దరూ నిజంగానే నవ్వారు. అందుకే అది ఇంతగా గుర్తుంది.

పదకొండో రోజు పొద్దున బావి కాడ చిన్నాయన కుడిచేతిని నరికారు. కాగితం మీద సంతకం పెట్టింది ఎగవింటి పెద్దాయన, నరికింది ఆయన తమ్ముడి కొడుకులు. వాళ్ళను కూడా ఎవరూ ఆ గదిలోకి పిలవలేదట. చెయ్యి నిలిచింది గానీ వేళ్ళు ముడుచుకుపోయాయి. తబలా చర్చిలో ఒక మూల గుడ్డ కప్పుకుని ఉండిపోయింది. కొన్నేళ్ళకు ఒక పిల్లవాడు నేర్చుకుని వాయించడం మొదలుపెట్టాడు. చిన్నాయన వాడి పక్కనే కూర్చుని ఎడమ చేత్తో తొడ మీద తాళం చూపించేవాడు.

నాకు మాత్రం చెప్పింది వేరు. గడ్డి కోస్తుంటే కొడవలి తగిలిందని చెప్పారు. "ఏం కాలేదులే, భయం లేదు, ఆడుకో పో" అని అమ్మ నా తల నిమిరింది. నేను నమ్మాను, అయినా నిద్ర రాలేదు. కొడవలి తగిలితే నాయన ఎందుకు తినడం మానేశాడు? ప్రార్థన ఎందుకు సగంలోనే ఆపేస్తున్నాడు? అడిగితే తియ్యగా మాట్లాడేవాళ్ళు. ఆ తియ్యదనమే నన్ను ఎక్కువ భయపెట్టింది. నిజం రెండేళ్ళ తర్వాత బడిలో ఒక పిల్ల నోట విన్నాను. విన్న రోజు ఏడవలేదు. నా భయానికి ఒక ఆకారం దొరికిందని తేలికపడ్డానేమో కూడా.

ఇంటికి వచ్చి నాయనను అడిగాను. రాసుకుంటున్న చెక్క పక్కన పెట్టి, అబద్ధం చెప్పకుండా అంతా చెప్పాడు. తర్వాత నాతో కాదు, తనతో తను మాట్లాడుకుంటున్నట్టు అన్నాడు: "బుజ్జగింపు అనే మాట తప్పు కాదమ్మా. నేనే అర్థం చేసుకోలేదు. ఆయన బుజ్జగించింది ఆ నియంతను కాదు, ఏడుస్తాండే తన జనాన్ని. నేనూ అంతే. ఎగవింటోళ్ళను నేనేం బుజ్జగించినా? నా తమ్మున్ని బుజ్జగించినా. రాజీకి పోయినందుకు నాకు సిగ్గు లేదు. మల్లా అయినా పోతా. భయం లేదు అని చెప్పినా చూడు, ఆ మాట చెప్పే హక్కు నాకు యాడిది?"

మొన్న రాత్రి మూడో నోటు పుస్తకం తిప్పుతుంటే ఆ ప్రధాని శాంతి కాగితం తెచ్చిన అధ్యాయం దొరికింది. పాత రాత మొత్తం మీద నాయన ఒక్క గీత కూడా కొట్టలేదు. మెచ్చుకున్న మాటలన్నీ అలాగే ఉన్నాయి. అంచులో మాత్రం, తర్వాతెప్పుడో ఎర్ర సిరాతో రాశాడు: "చిన్న దేశం వాళ్ళను గదిలోకి పిలవలేదు. వాళ్ళు హోటల్లో కూర్చుని కబురు కోసం ఎదురు చూశారు. నేను ఇది ఇన్నేళ్ళు పాఠం చెప్పాను. పిల్లలకు పరీక్షలో రాకపోవచ్చని ఈ ముక్క వదిలేసేవాణ్ణి."

ఇప్పటి తల్లులం మేము మా పెద్దవాళ్ళ కంటే మేలని అనుకుంటాం. పిల్లల్ని కొట్టం. వాళ్ళ మనసు తెలుసుకోవాలని ఫోన్లో వచ్చేవన్నీ చదువుతాం. జ్వరం ఒక డిగ్రీ పెరిగితే రాసి పెట్టుకుంటాం. నేనైతే పిల్లలు బడి నుంచి పది నిమిషాలు ఆలస్యమైతే వీధి చివరిదాకా నడిచే మనిషిని. అయినా ఓబులేసన్న ముందు 'సరేలే' అనేటప్పుడు ఆ ఆటోలో రోజూ కూర్చునేవాళ్ళు ఏమంటారో నాకు అడగాలని తట్టలేదు. మా అమ్మాయి అప్పటికే ఆయన కోసం అబద్ధం మోస్తోంది. ఓబులేసు మామకు బాధ కలుగుతుందని తమ్ముణ్ణి గిల్లుతోంది. నేను తొమ్మిదేళ్ళప్పుడు పెద్దవాళ్ళ తియ్యటి మాటలు వింటూ ఎలా ఉన్నానో అది కూడా అలాగే ఉంది. నేనున్నది మాత్రం ఈసారి తలుపుకు లోపలి పక్క, సంతకం పెట్టే పెద్దవాళ్ళతో.

నిన్న పొద్దున ఎనిమిదింటికి ఆటో వచ్చింది. ఓబులేసన్న ముఖం కడుక్కుని, తల దువ్వుకుని, నుదుట బొట్టు పెట్టుకుని వచ్చాడు. నేను గేటు దగ్గరికి పోయి, "అన్నా, పిల్లల్ని ఇంక నేనే స్కూటీ మీద తీసుకపోతా. నువ్వు ఇంటికి పోయి పండుకో" అన్నాను.

ఆయన హేండిల్ వదల్లేదు. "ఒక్కసారికే పాపా? సారు ఉండింటే నన్ను నమ్మిండును."

"నమ్మిండునన్నా" అన్నాను. "అందుకే."

నాయన నమ్మినందుకు నష్టపోయింది చిన్నాయన; ఆ సంగతి ఓబులేసన్నకు అర్థమైందో లేదో తెలియదు. కోపంగానే పోయాడు. ఆయన ఇంట్లో కూడా ఇద్దరు చదివే పిల్లలున్నారు. బుధవారం వాళ్ళింటికి పోయి ఆయన భార్యతో మాట్లాడాలి. ఏం మాట్లాడాలో ఇంకా తెలియదు. పగలు మా అమ్మను ఆసుపత్రికి తీసుకుపోయే పని ఉంటే ఆయననే పిలుస్తానని మాత్రం అనుకున్నాను.

గేటు దగ్గరి నుంచి వెనక్కి తిరిగేసరికి పిల్లలిద్దరూ సంచులు తగిలించుకుని మెట్టు మీద నిలబడి అంతా చూస్తున్నారు. మా అమ్మాయి కళ్ళలో నీళ్ళున్నాయి. "మామకు కోపమొచ్చిందా? తమ్ముడు చెప్పినాడనేనా?" అంది. మా వాడు తన చెప్పుల వైపు చూసుకుంటున్నాడు. ఏం కాలేదు అనే మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. మింగాను. వాళ్ళ పక్కన మెట్టు మీద కూర్చున్నాను.

"మామకు కోపమొచ్చింది. అది నా మీద, మీ మీద కాదు" అని చెప్పాను. "మొన్న నేను ఏం కాలేదు, భయం లేదు అన్నా గదా. అది నిజం కాదు. నాకు చాలా భయమైంది. ఆటోలో కూచునేది మీరు, సరేలే అన్నది నేను. మిమ్మల్ని అడగాల్సింది, అడగలేదు. ఈ పొద్దు బడికి లేటైనా పర్వాలేదు. కాలువ కట్ట కాడ ఏమైందో మొదటి నుంచి చెప్పండి. ముందు తమ్ముడు చెప్తాడు. నువ్వు గిల్లద్దు. నేను వింటా."